260 డిగ్రీల నైలాన్ మెల్ట్ దగ్గర ప్రెషర్ సెన్సార్ నిలబడట్లేదు, ఏ మెటీరియల్‌ది అడగాలి?

షిఫ్ట్_సీ:

అందరికీ నమస్కారం. కాకినాడ వైపు చిన్న ప్లాస్టిక్ రీసైక్లింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. పాత చేపల వలలు కొని, కడిగి, ఆరబెట్టి, కరిగించి నైలాన్ 6 గ్రాన్యూల్స్ తీస్తాం. వలలు ఎంత కడిగినా ఇసుక ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది, అందుకే డై (కరిగిన నైలాన్ బయటికొచ్చే మూతి) ముందు స్క్రీన్ ప్యాక్ పెడతాం, ఆ జల్లెడ మూసుకుపోతున్న కొద్దీ దాని వెనక ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 70, 80 బార్ ఉంటుంది, 180 దాటితే మోటార్ దానంతట అదే ఆగిపోవాలి. మా దగ్గర ఆ ట్రిప్ ఇచ్చేది ఒకే ఒక్క సెన్సార్, అది తప్పు చూపిస్తే 260 డిగ్రీల నైలాన్ ఏ సందులోంచి తన్నుకొచ్చి ఏ ఆపరేటర్ మీద పడుతుందో చెప్పలేను. రాత్రి షిఫ్ట్‌లో నాకు ఉన్న టెన్షన్ అంతా దాని గురించే.

జరిగింది చెప్తా. మొదట మామూలు సిలికాన్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు (నేను రాకముందు), దాని మీద 125 డిగ్రీలే రాసుంది. వేడి తగలకూడదని బ్యారెల్‌కీ (ఎక్స్‌ట్రూడర్‌లో స్క్రూ తిరిగే వేడి గొట్టం) సెన్సార్‌కీ మధ్య జానెడు పైపు పెట్టారట. ఆ పైపులో నైలాన్ గడ్డకట్టి మెల్ట్ ప్రెషర్ సెన్సార్‌కి చేరనే లేదు, మీటర్ మాత్రం ఎప్పుడో పట్టుకున్న 40 బార్ దగ్గరే ఉండిపోయింది. పైపు తీసేసి దగ్గరగా పెడితే లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా 25 బార్ చూపించి నాలుగు రోజుల్లో పోయింది. తర్వాత సిలికోన్ ఆయిల్ నింపిన మెల్ట్ సెన్సార్ తెచ్చాం, అది పనిచేసింది గానీ చల్లగా ఉన్నప్పుడు జీరో చేసి హీటర్లు వేస్తే 12, 13 బార్ పైకి పోయేది. మూడోది పాదరసం నింపినది. ఎనిమిది నెలలు చక్కగా నడిచింది, ఒకరోజు ముందున్న డయాఫ్రమ్ (మెల్ట్‌కి తగిలే పలుచని లోహపు పొర) చిరిగింది. అందులో పాదరసం కొంచెమే ఉంటుందని తెలుసు, అయినా ఆ రోజు తీసిన సరుకంతా పక్కన పెట్టేశాం, ఆ దగ్గర నిలబడి పనిచేసినవాళ్ళ గురించి ఇప్పటికీ బాధగా ఉంది. ఇప్పుడు సరుకు కొనేవాళ్ళు కూడా పాదరసం లైన్‌లో ఎక్కడా ఉండకూడదంటున్నారు.

నెట్‌లో వెతికితే సిలికాన్ కార్బైడ్ 600 డిగ్రీలు తట్టుకుంటుందని, నీలం రాయి మీద చేసినవి ఉన్నాయని, క్వార్ట్జ్ ఉందని రకరకాలుగా ఉంది. 260 డిగ్రీలకి నేను ఏ మెటీరియల్ సెన్సార్ అడగాలి? 600 తట్టుకునేది ఉంటే అదే పెట్టేస్తే జీవితాంతం గొడవ ఉండదు కదా అని మా ఓనర్ గారు అడుగుతున్నారు.

సిలికాన్_గది:

షిఫ్ట్_సీ గారూ, మీ మొదటి సెన్సార్ ఎందుకు పోయిందో ముందు చెప్తాను, అది అర్థమైతే మిగతా మెటీరియల్స్ ఎందుకు పుట్టాయో తెలుస్తుంది. నేను బెంగళూరులో సెన్సార్ చిప్‌ల పని చేస్తాను.

సిలికాన్‌ని వంచితే దాని రెసిస్టెన్స్ మారుతుంది. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ ఈ సంగతి కొలిచి ప్రచురించాడు. లోహపు స్ట్రెయిన్ గేజ్‌లో (సాగితే రెసిస్టెన్స్ మారే తీగ) గేజ్ ఫ్యాక్టర్, అంటే సాగినదానికి రెసిస్టెన్స్ ఎన్ని రెట్లు మారుతుందనే లెక్క, 2 దగ్గర ఉంటే సిలికాన్‌లో 100 దాటుతుంది, అందుకే చిన్న చిప్‌తో పెద్ద సిగ్నల్ వస్తుంది, చవకగానూ వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, మామూలు చిప్‌లో రెసిస్టర్లను ఆ సిలికాన్ ముక్కలోకే వేరే మూలకాలు చొప్పించి చేస్తారు. రెసిస్టర్‌కీ దాని కిందున్న సిలికాన్‌కీ మధ్య నిజమైన ఇన్సులేషన్ ఉండదు, రివర్స్ బయాస్‌లో ఉన్న పీ-ఎన్ జంక్షన్ (రెండు రకాల సిలికాన్ కలిసే చోటు, కరెంటుని ఒక వైపుకే పోనిస్తుంది) ఒక్కటే కరెంటుని ఆపుతూ ఉంటుంది. ప్రతి పది డిగ్రీలకీ ఆ జంక్షన్ లీకేజి దాదాపు రెట్టింపవుతుంది, అంటే 25 నుంచి 125కి వచ్చేసరికి వెయ్యి రెట్లు. 150 దాటాక నాలుగు రెసిస్టర్ల బ్రిడ్జి నాలుగూ కింద నుంచి కలిసిపోయినట్టే. మీకు ఖాళీ లైన్ మీద 25 బార్ కనిపించింది అందుకే అయి ఉండాలి, దాంతోపాటు చిప్‌ని అంటించిన జిగురు కూడా మెత్తబడి ఉంటుంది.

దీనికి మొదటి మందు, రెసిస్టర్ కింద సిలికాన్ ఆక్సైడ్ పొర వేసి విడదీయడం. ఇన్సులేటర్ మీద సిలికాన్ అంటారు, మా వాళ్ళు ఎస్‌ఓఐ అనేస్తారు. ఆక్సైడ్ అంటే గాజే కాబట్టి 300, 400 దగ్గర కూడా లీక్ అవ్వదు, బాగా ప్యాక్ చేసినవి 500 దాకా వెళ్తాయి. రెండో మందు నీలం రాయి, అంటే సఫైర్, అల్యూమినియం ఆక్సైడ్ ఏకస్ఫటికం. దాని మీద పలుచని సిలికాన్ పొర పెంచి రెసిస్టర్లు చెక్కి, ఆ సఫైర్ బిళ్ళని టైటానియం డయాఫ్రమ్‌కి బ్రేజింగ్ చేస్తారు. టైటానియం, సఫైర్ వేడికి సాగే తీరు ఒకదానికొకటి కాస్త దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ జోడీ ఎంచుకున్నారు. రష్యాలో ఈ రకం చాలాకాలంగా వాడుకలో ఉంది. 

ఇన్సులేషన్ ఎంత బాగున్నా సిలికాన్‌కి సొంత హద్దు ఒకటుంది. దాని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ విడిపోయి కరెంటు మోయడానికి కావాల్సిన శక్తి, 1.12 ఎలక్ట్రాన్ వోల్ట్‌లే. మామూలు వేడిలో ఘన సెంటీమీటర్‌కి పది వందల కోట్ల దగ్గర ఉండే సొంత క్యారియర్లు (కరెంటు మోసే కణాలు) 300 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి లక్ష రెట్లు పెరుగుతాయి, మనం కలిపిన మలినాల లెక్కతో పోటీకి వస్తాయి. మలినాలు బాగా ఎక్కువ కలిపి దీన్ని కొంత దూరం నెట్టొచ్చు, బదులుగా సెన్సిటివిటీ తగ్గుతుంది. ఇక 600 దాటితే సిలికాన్ గట్టిగా విరిగే వస్తువుగా ఉండదు, బరువు పెడితే మెల్లగా వంగి అలాగే ఉండిపోతుంది. డయాఫ్రమ్ అలా వంగితే ఇక జీరో ఎక్కడుంటుంది.

సిలికాన్ కార్బైడ్ కథ అక్కడ మొదలవుతుంది, అది ఇంకో పోస్ట్‌లో రాస్తాను. మీ 260కి మాత్రం అంత దూరం వెళ్ళక్కర్లేదు.

పానా_పట్టినోడు:

తమ్ముడూ, నేను ముప్ఫై ఏళ్ళు ఎక్స్‌ట్రూడర్ల మధ్యే తిరిగాను, మొదట పైపుల ఫ్యాక్టరీ, తర్వాత ఫిల్మ్. పై గారు చెప్పింది కరెక్టే గానీ నీ మెషీన్‌లో చిప్ కంటే ముందు చచ్చిపోయేది ముక్కు చివర ఉన్న డయాఫ్రమ్. ముందు దాని సంగతి చూడు.

మెల్ట్ సెన్సార్ ఎలా ఉంటుందో నీకు తెలిసే ఉంటుంది, కొత్తగా చదివేవాళ్ళ కోసం చెప్తా. బ్యారెల్‌లోకి అర అంగుళం మర ఉన్న ముక్కు దిగుతుంది, దాని చివర కాగితమంత పలుచని స్టీల్ పొర. ఆ పొర వెనక సన్నటి కేపిలరీ గొట్టం నిండా ద్రవం. పొరని మెల్ట్ నొక్కితే ద్రవం ఆ నొక్కుడుని జానెడు దూరంలో, చల్లగా ఉన్న తలలోకి మోసుకెళ్తుంది, స్ట్రెయిన్ గేజ్‌లు అక్కడుంటాయి. అంటే 260 డిగ్రీలు చూసేది పొర, ద్రవం, గొట్టం మూడే. గేజ్ దగ్గర వంద కూడా ఉండదు, తల మీద ఇన్సులేషన్ గుడ్డ చుట్టేయకపోతే. (మా దగ్గర ఒకసారి కరెంట్ బిల్లు తగ్గుతుందని తలతో సహా చుట్టేశారు, రెండు సెన్సార్లు పోయాయి.) నీ పాత జానెడు పైపు ఆలోచన కూడా ఇదే, కాకపోతే అక్కడ మోసుకెళ్ళాల్సింది నైలాన్, అది 220 దిగితే గడ్డ. అందుకే గడ్డకట్టని ద్రవాన్ని మూత వేసి నింపుతారు.

ఇక ద్రవం. నీ ఆయిల్ సెన్సార్ 12 బార్ ఎందుకు ఎక్కిందంటే నూనె వేడికి బాగా ఉబ్బుతుంది, డిగ్రీకి వెయ్యింట ఒక వంతు చుట్టుపక్కల. పాదరసం అందులో ఐదో వంతే ఉబ్బుతుంది. మూసిన గొట్టంలో ద్రవం ఉబ్బితే వెనక గేజ్‌ని నొక్కుతుంది కదా, మీటర్‌కి అది ప్రెషర్ లాగే కనిపిస్తుంది. పాదరసం ఇన్నాళ్ళు రాజ్యమేలింది అందుకే. ఇప్పుడు దాని జోలికి వెళ్ళకు. పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందంలో మెల్ట్ ప్రెషర్ సెన్సార్లను కూడా చేర్చారు, కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ 2025తో వాటి తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాలన్నారు, మన దేశం 2018లోనే ఆ ఒప్పందాన్ని ఆమోదించింది.

బదులు రెండున్నాయి. ఒకటి నాక్ నింపినవి, సోడియం పొటాషియం కలిపిన లోహం, పొటాషియం 78 పాళ్ళు ఉన్న మిశ్రమం మైనస్ 12 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది, మరిగేది 785 దగ్గర. ఉబ్బడం నూనె కంటే చాలా తక్కువ. నీళ్ళు తగిలితే మండే వస్తువే, కానీ సెన్సార్‌లో ఉండేది చుక్క అంత, పొర చిరిగితే నైలాన్‌లో కలిసిపోతుంది. చిరిగిన సెన్సార్ ముక్కుని మాత్రం తడి గుడ్డతో తుడవొద్దు, చేత్తో ముట్టుకోవద్దు, మీ వాళ్ళందరికీ చెప్పు. రెండోది ద్రవమే లేనివి. మందమైన పొర, దాని వెనక చిన్న కడ్డీ, ఆ కడ్డీ నొక్కుడుని నేరుగా ఎస్‌ఓఐ లాంటి సెన్సింగ్ ముక్క మీద పెడుతుంది. సిలికాన్ సున్నితమైనది కాబట్టి పొర కొంచెమే కదిలినా సిగ్నల్ వస్తుంది, అందుకే పొరని చాలా మందంగా పెట్టగలుగుతారు. ఇసుక ఉన్న నీ సరుక్కి ఇదే మంచిదని నా అభిప్రాయం, డబ్బు ఎక్కువవుతుంది. 350 డిగ్రీల దాకా రేటింగ్ ఉన్నవి ఉన్నాయి, 260కి సరిపోతుంది.

పొర మెటీరియల్ కూడా అడుగు. మామూలుగా వచ్చేది 15-5 పీహెచ్ స్టీల్, దాని మీద టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత ఉంటే గీతలు తక్కువ పడతాయి. ఇన్‌కొనెల్ 718 (నికెల్ మిశ్రమ లోహం) పొర అయితే వేడిలో బలం బాగా నిలుపుకుంటుంది, తుప్పు కూడా పట్టదు, మీ వలల్లో సముద్రపు ఉప్పు ఎంతో కొంత ఉంటుంది కదా. 718 అంటే మనకి పరాయి వస్తువేం కాదు, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ లోహాల సంస్థ మిధాని వాళ్ళు సూపర్‌నీ 718 పేరుతో చేస్తారు.

ఒక మాట నిజంగా చెప్పు. ఆ డయాఫ్రమ్ చిరిగిన రోజు అంతకుముందు లైన్ ఆగి, మళ్ళీ మొదలుపెట్టారా? సెన్సార్ తీసి పెట్టారా?

షిఫ్ట్_సీ:

అన్నా, మీరు పక్కన నిలబడి చూసినట్టే అడిగారు. ముందురోజు కరెంట్ పోయి లైన్ ఐదు గంటలు ఆగింది. పొద్దున హీటర్లు వేశాం, బ్యారెల్ మీద మీటర్ 250 చూపించింది, స్క్రూ తిప్పాం. అరగంటలో సెన్సార్ పోయింది. దానికి వారం ముందు క్యాలిబ్రేషన్‌కని సెన్సార్ తీసి మళ్ళీ బిగించాం, చల్లగా ఉన్నప్పుడు తీశాం, బాగా గట్టిగా వచ్చింది.

పానా_పట్టినోడు:

అదే అయ్యుంటుంది. చల్లటి బ్యారెల్ నుంచి సెన్సార్ విప్పితే గడ్డకట్టిన నైలాన్ పొరని అంటిపెట్టుకుని ఉంటుంది, నువ్వు పానాతో తిప్పుతుంటే పొర మెలితిరుగుతుంది. అప్పుడు చిరగకపోయినా బలం పోతుంది. ఎప్పుడైనా మెల్ట్ కరిగి ఉండగా, ప్రెషర్ సున్నా చేసి, స్క్రూ ఆపి తీయాలి, చేతికి తోలు గ్లవ్స్, మొహానికి షీల్డ్ వేసుకుని. తీసిన వెంటనే ముక్కుని మెత్తటి గుడ్డతో తుడవాలి, ఇనుప బ్రష్ తగలకూడదు. రంధ్రంలో కాలిపోయిన నైలాన్ ఉంటే దాన్ని శుభ్రం చేసే కట్టర్ వేరే దొరుకుతుంది, ఆ కట్టర్ తర్వాత కొలత పిన్ పెట్టి చూసి అప్పుడే సెన్సార్ దింపు. రంధ్రం అడుగున చిన్న గడ్డ మిగిలినా బిగించేటప్పుడు అది పొరలోకి గుచ్చుకుంటుంది. మరకి వేడి తట్టుకునే యాంటీసీజ్ పేస్ట్ (మర పట్టేయకుండా రాసేది) రాయి.

స్టార్ట్ చేసేటప్పుడు బ్యారెల్ మీటర్‌ని నమ్మొద్దు. అది ఉక్కు వేడి చెప్తుంది, డై దగ్గర లోపలి నైలాన్ ఇంకా గడ్డగానే ఉండొచ్చు. వెనక నుంచి స్క్రూ తోస్తుంటే ముందు దారి లేక ప్రెషర్ ఒక్కసారిగా వందల బార్లు ఎక్కుతుంది, సెన్సార్ రేంజ్‌కి రెండింతలు దాటితే ఏ మెటీరియల్ పొరైనా పోతుంది. హీటర్లు సెట్ పాయింట్‌కి వచ్చాక కనీసం గంట నానబెట్టు, తర్వాత అతి తక్కువ స్పీడ్‌లో తిప్పు. ఇక ఒక్క సెన్సార్ మీదే మనుషుల ప్రాణాలు పెట్టకు తమ్ముడూ. సెన్సార్‌తో సంబంధం లేకుండా, ప్రెషర్ దాటితే తనంతట పగిలే రప్చర్ డిస్క్ ఒకటి బ్యారెల్‌కి పెట్టించు, దాని నోరు మనుషులు తిరగని వైపు ఉండాలి. సెన్సార్ వైరు తెగితే మోటార్ ఆగాలి గానీ మీటర్ సున్నా చూపిస్తూ నడవకూడదు, ప్యానెల్‌లో అది కూడా చూసుకో.

దహనం_ల్యాబ్:

ఇక్కడే అడుగుతున్నాను, కొత్త టాపిక్ అయితే క్షమించండి. నాది పీహెచ్‌డీ, గ్యాస్ టర్బైన్ కంబస్టర్ నమూనా మీద. మంట ఊగిసలాటలు కొలవాలి, 200 నుంచి 1000 హెర్ట్జ్ దాకా. గోడ దగ్గర 650 డిగ్రీలు ఉంటుంది. ప్రెషర్ ఎంతుందో నాకు అక్కర్లేదు, ఎంత ఊగుతుందో కావాలి. ల్యాబ్‌లో పాత క్వార్ట్జ్ సెన్సార్ ఉంది, పెట్టొచ్చా? మా సీనియర్ ఒకరు 30 సెంటీమీటర్ల గొట్టం పెట్టి చివర మామూలు సెన్సార్ పెట్టమంటున్నారు.

క్వార్ట్జ్_ముక్క:

దహనం_ల్యాబ్ గారూ, గోడకి నేరుగా పెడితే ఆ క్వార్ట్జ్ పాడవుతుంది. నేను పూణేలో ఇంజిన్ టెస్ట్ బెడ్‌ల మీద పనిచేస్తాను, సిలిండర్ లోపలి ప్రెషర్ కొలవడం రోజూ పని.

క్వార్ట్జ్‌ని నొక్కితే ఛార్జ్ పుడుతుంది, న్యూటన్‌కి 2.3 పికోకూలంబులు, చాలా కొంచెం, కానీ ఎన్నేళ్ళయినా మారదు. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది, మీరు కొలిచే ఛార్జ్ రాదు. నిజానికి అంతకు చాలా ముందే, 300 దాటాక ఒత్తిడి కింద లోపల ట్విన్నింగ్ మొదలవుతుంది, అంటే స్ఫటికంలో కొంత భాగం తిరగబడి వ్యతిరేక గుర్తుతో ఛార్జ్ ఇస్తుంది, ఆ మేరకు సిగ్నల్ తగ్గిపోతుంది. సెన్సార్ బయటికి బాగానే కనబడుతూ తక్కువ చూపించడం అన్నిటికంటే ప్రమాదం, థీసిస్‌లో ఆ అంకెలే ఎక్కిపోతాయి. నొక్కితే ఛార్జ్ ఇచ్చే ఇంకో రకం, పీజెడ్‌టీ సెరామిక్ సంగతి ఇంకా తొందరగా, దాని క్యూరీ టెంపరేచర్ (ఆ గుణం పూర్తిగా పోయే వేడి) 350 దగ్గర, అందులో సగం దాటకుండా వాడాలంటారు.

వేడికి నిలిచే స్ఫటికాలు వేరే ఉన్నాయి. గాలియం ఫాస్ఫేట్ క్వార్ట్జ్‌కి చుట్టం, అదే నిర్మాణం, ఛార్జ్ దాదాపు రెండింతలు, 970 దాకా నిర్మాణం మారదు. ఆస్ట్రియాలో గ్రాట్జ్‌లోని ఏవీఎల్ వాళ్ళు ఇంజిన్ సెన్సార్లలో దీన్ని వాడారు, నీళ్ళతో చల్లబరచకుండా సిలిండర్‌లో పెట్టగలిగింది దాని వల్లే. లాంగసైట్ అని లాంథనమ్, గాలియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసినది ఒకటుంది, 1470 దగ్గర కరిగేదాకా నిర్మాణం మారదు. చదివితే ఇవే ఆఖరి మాట అనిపిస్తాయి, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. అసలు కష్టం రెసిస్టెన్స్ దగ్గర వస్తుంది. ఛార్జ్ నిలవాలంటే స్ఫటికం ఇన్సులేటర్‌గా ఉండాలి, వేడెక్కిన కొద్దీ ఆ ఇన్సులేషన్ పడిపోతుంది, పుట్టిన ఛార్జ్ కొలిచేలోపే లోపలే కారిపోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి. అందుకే ఈ రకం సెన్సార్ స్థిరమైన ప్రెషర్‌కి ఏ వేడిలోనూ పనికిరాదు, షిఫ్ట్_సీ గారు క్వార్ట్జ్ గురించి రాశారు కాబట్టి చెప్తున్నా, మీకు గంటల తరబడి నిలిచే 80 బార్ కావాలి, అది మీకు వద్దు. దహనం_ల్యాబ్ గారికి 200 హెర్ట్జ్ పైనే కాబట్టి సరిపోతుంది.

ఇంకోటి, స్ఫటికం తట్టుకున్నా కేబుల్ తట్టుకోదు. టెఫ్లాన్ కేబుల్ 260 దగ్గర ఆఖరు. వేడి భాగంలో ఖనిజం నింపిన కేబుల్ కావాలి, ఇన్‌కొనెల్ తొడుగు లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడి తేమ పీల్చుకుంటుంది, చివర మూత ఊడితే వర్షాకాలంలో ఇన్సులేషన్ మొత్తం పోతుంది. నేను ఇలా రెండు వారాల డేటా పోగొట్టుకున్నాను.

గొట్టం సంగతి. 30 సెంటీమీటర్ల గొట్టం చివర మూసి ఉంటే పావు తరంగం దగ్గర అనునాదం వస్తుంది, 340ని 1.2తో భాగిస్తే 283 హెర్ట్జ్, సరిగ్గా మీరు కొలవాలనుకునే చోటే. మీరు మంట కొలిచామనుకుంటారు, కొలిచింది గొట్టం అయి ఉంటుంది. పైగా గొట్టంలో ఒక చివర 650, ఇంకో చివర 40 డిగ్రీలు, ధ్వని వేగం మధ్యలో మారుతూ పోతుంది కాబట్టి లెక్క కట్టి తీసేయడం కూడా కష్టం. దీనికి మంచి పాత ఉపాయం ఉంది. గొట్టాన్ని సెన్సార్ దగ్గర ఆపొద్దు. సెన్సార్‌ని గొట్టం పక్కన గోడకి పెట్టి, గొట్టాన్ని అదే లోపలి వ్యాసంతో ఇంకో పది, ఇరవై మీటర్లు చుట్టలా పోనివ్వండి. అల సెన్సార్‌ని దాటి పోయి ఆ పొడవులో అణగిపోతుంది, తిరిగి రాదు, అనునాదం ఉండదు. లోపలి వ్యాసం ఎక్కడా మారకూడదు, కీలు దగ్గర మెట్టు ఉన్నా అక్కడి నుంచి అల వెనక్కి వస్తుంది. చివర నుంచి కొంచెం నైట్రోజన్ మెల్లగా వదిలితే వేడి గ్యాస్, తేమ లోపలికి రావు. ఇలా చేస్తే మీ ల్యాబ్‌లో ఉన్న పాత క్వార్ట్జే చల్లగా ఉండి చక్కగా పనిచేస్తుంది, కొత్తది కొనక్కర్లేదు. మొదట చల్లటి గాలిలో స్పీకర్ పెట్టి, గోడకి ఒక మైక్రోఫోన్, గొట్టం మీద మీ సెన్సార్, రెండూ పక్కపక్కన కొలిచి ఎంత తేడా, ఎంత ఆలస్యం వస్తుందో గీసుకోండి.

మిల్లు_బాయిలర్:

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. ఇంత సైన్సు మాకు తెలియదు గానీ ఆవిరి లైన్‌లో మామూలు గేజ్‌కి ముందు పందితోక పైపు ఉంటుంది, అదే వంకర సైఫన్. అందులో ఆవిరి చల్లారి నీళ్ళుగా నిలుస్తుంది, 180 డిగ్రీల ఆవిరి గేజ్‌ని తాకదు. కొత్త గేజ్ పెట్టినప్పుడు సైఫన్‌లో ముందే నీళ్ళు పోయాలి, మర్చిపోతే మొదటి నిమిషంలోనే గేజ్ పోతుంది. ఆవిరికీ గ్యాస్‌కీ దూరం పెడితే చాలు అని ఇక్కడ అర్థమవుతోంది, నైలాన్‌కి మాత్రం కుదరదన్నమాట.

సిలికాన్_గది:

మిల్లు_బాయిలర్ గారూ, అవునండి, మేం చిప్‌లు చేసేవాళ్ళం కూడా ముందు అదే అడుగుతాం, సెన్సార్ ఆ వేడిలోనే ఉండి తీరాలా అని.

సిలికాన్ కార్బైడ్ గురించి రాస్తానన్నాను. 4హెచ్ రకం బ్యాండ్ గ్యాప్ 3.26, సిలికాన్‌కి దాదాపు మూడు రెట్లు, కాబట్టి 600 దగ్గర కూడా వేడికి పుట్టే క్యారియర్లు గొడవ చేయవు. గట్టిదనం వజ్రానికి దగ్గర, యాసిడ్‌లకి లొంగదు. అయితే గేజ్ ఫ్యాక్టర్ 30 చుట్టుపక్కలే, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. యాసిడ్‌లకి లొంగని గుణమే చేసేటప్పుడు శాపం, సిలికాన్‌లో రసాయనంతో గంటల్లో తొలిచే గుంటని ఇక్కడ ప్లాస్మాతో మెల్లమెల్లగా తొలవాలి. ఓనర్ గారి ప్రశ్నకి ఇది సగం జవాబు. మిగతా సగం తీగ దగ్గర ఉంది. స్ఫటికం 600లో హాయిగా ఉంటుంది, దాని మీద తీగ అతికించే లోహం ఉండదు. అల్యూమినియం 660కే కరుగుతుంది. బంగారం కింది పొరల్లోకి పాకిపోతుంది, ఆక్సిజన్ పైనుంచి దిగి టైటానియంని తినేస్తుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని నాసా గ్లెన్ కేంద్రంలో రాబర్ట్ ఒకోజీ, ఆయనతో పనిచేసినవాళ్ళు టైటానియం, టాంటలం సిలిసైడ్, ప్లాటినం అని మూడు పొరలు ఒకదాని మీద ఒకటి వేసి గాలిలో 600 దగ్గర వందల గంటలు నిలబెట్టారు, తర్వాత 4హెచ్ సెన్సార్‌ని 800 దాకా పనిచేయించి చూపించారు. నాకు ఆ పేపర్లు చదువుతుంటే గౌరవం కలుగుతుంది, చిప్ కంటే ఆ మూడు పొరల మీద ఎక్కువ ఏళ్ళు పెట్టారు. అదే కేంద్రంలో 2016లో సిలికాన్ కార్బైడ్ సర్క్యూట్లను శుక్రగ్రహం లాంటి వాతావరణంలో, 460 డిగ్రీలు, 90 బార్ పైన, 521 గంటలు నడిపారు, పైన ఏ తొడుగూ లేకుండా.

ఇంకా ప్యాకింగ్ ఉంది. సిలికాన్ కార్బైడ్ డిగ్రీకి పది లక్షల్లో 4 వంతులు సాగుతుంది, దాన్ని పట్టుకునే ఇన్‌కొనెల్ 13 సాగుతుంది. 600 డిగ్రీలు మారితే ఆ తేడా ఒక్కటే చిప్‌ని పగలగొట్టగలదు, పగలకపోయినా వంచుతుంది, మీటర్‌కి అది ప్రెషరే. అందుకే మధ్యలో అల్యూమినియం నైట్రైడ్ పీట పెడతారు, అది 4.5 దగ్గర సాగుతుంది. ఇన్ని చేసి తెచ్చిన సెన్సార్ మీ ఎక్స్‌ట్రూడర్‌లో పెడితే 260 దగ్గర ఎస్‌ఓఐ ఇచ్చే దానికంటే చిన్న సిగ్నల్ ఇస్తుంది, ఇసుక తగిలి అదే డయాఫ్రమ్ అంతే త్వరగా చిరుగుతుంది.

కొనేటప్పుడు సెన్సింగ్ మెటీరియల్ పేరుతో పాటు నాలుగు సంగతులు రాయించుకోండి: ముక్కు ఎంత వేడి తట్టుకుంటుంది, తల ఎంత వేడి తట్టుకుంటుంది (ఈ రెండూ వేరు, అమ్మేవాళ్ళు పెద్ద అంకె ఒక్కటే చెప్తారు), ముక్కు వంద డిగ్రీలు మారితే జీరో ఎన్ని బార్లు కదులుతుంది, పాడవకుండా ఎంత ఓవర్‌లోడ్ ఓర్చుకుంటుంది. మీకు 180 దగ్గర ట్రిప్ కాబట్టి 350 బార్ రేంజ్ తీసుకోండి, 200 రేంజ్ వద్దు.

షిఫ్ట్_సీ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, అందరికీ జవాబు బాకీ ఉన్నాను. ద్రవం లేని రకం, 350 బార్, 718 పొర ఉన్నది తెప్పించాం. ధర చూసి ఓనర్ గారు ఆగారు, ఆ రోజు పక్కన పెట్టిన సరుకు లెక్క ముందు పెడితే ఒప్పుకున్నారు. పాత రంధ్రంలో కొలత పిన్ దిగలేదు, అడుగున బొగ్గులా మాడిన నైలాన్ గోరంత మందాన ఉంది, అంటే పాత సెన్సార్లన్నీ దాని మీదే బిగించాం. కట్టర్‌తో తీశాం. వేడెక్కాక గంట ఆగి, మెల్ట్ లేకుండా జీరో చేశాం. ఇప్పుడు చల్లటి నుంచి 260కి తేడా 2 బార్ లోపే ఉంది. రప్చర్ డిస్క్ ఆర్డర్ పెట్టాం, డిస్క్ నోటికి ఎదురుగా ఉన్న మెట్లని అవతలి వైపుకి మార్పించాను. వైరు ఊడదీసి చూస్తే మోటార్ ఆగలేదన్నా, మీరు చెప్పకపోతే తెలిసేది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అదే రోజు మార్పించాం.

ఒకటే సందేహం. డిస్క్ 260 డిగ్రీల దగ్గర పగిలే ప్రెషర్, గది వేడిలో పగిలే ప్రెషర్ ఒకటేనా?

పానా_పట్టినోడు:

ఒకటి కాదు. లోహం వేడెక్కితే బలం తగ్గుతుంది, గది వేడిలో 300 దగ్గర పగిలే డిస్క్ నీ దగ్గర అంతకంటే ముందే పగులుతుంది. ఆర్డర్‌లో పని చేసే వేడి రాసి, ఆ వేడి దగ్గర పగిలే ప్రెషర్ డిస్క్ చీటీ మీద చెక్కించి ఇమ్మను. నీ 180 ట్రిప్‌కి పైన, బ్యారెల్ ఓర్చుకునే దానికి బాగా కింద ఉండేలా తీసుకో, బ్యారెల్ అంకె మెషీన్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆర్డర్ ఇప్పటికే పోయుంటే ఈ రోజే ఫోన్ చెయ్.